మొక్కలు ఎండిన కొండ, సున్నం కొట్టిన కప్పులు

నా ఉద్యోగంలో అన్నిటికంటే ఎక్కువ చప్పట్లు పడిన రోజూ, నేను అన్నిటికంటే పెద్ద తప్పు చేసిన రోజూ ఒకటే. అక్కడినుంచే మొదలుపెడతాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఎవరూ ముందుగా చెప్పని సంగతి అదే.

పెనుకొండలో ఒక స్వచ్ఛంద సంస్థలో చేరేనాటికి నాకు పాతికేళ్లు దాటాయి. పోయిన ఏడు రిటైరయ్యాను. నా పేరు సుశీల. ఉద్యోగం పేరు మాత్రం రెండుసార్లు మారింది. మొదట నీటి సంరక్షణ అన్నారు, ఆ తర్వాత పర్యావరణ చైతన్యం అన్నారు, చివరికి వాతావరణ మార్పు, యువ నాయకత్వం అన్నారు. పేరు ఏదైనా నేను చేసింది జనాన్ని ఒకచోట కూర్చోబెట్టడమే. ర్యాలీలు, మొక్కలు నాటడాలు, విత్తనాల మేళాలు, బడిపిల్లలకు వ్యాసరచన పోటీలు, మహిళా సంఘాలకు శిక్షణలు. మా అమ్మ పోయేదాకా పక్కింటివాళ్లతో "మా సుశీలది మీటింగులు పెట్టే ఉద్యోగమమ్మా" అనే చెప్పేది. విన్నప్పుడల్లా నాకు కోపం వచ్చేది. ఇప్పుడు ఆలోచిస్తే అందులో తప్పేమీ కనిపించదు.

ప్రమోషన్ల గురించీ ఫైళ్ల గురించీ రాయను. పెనుకొండ దగ్గర ఒక కొండ గురించి, ధర్మవరంలో ఒక వీధి గురించి రాస్తాను. నాకు పని నేర్పింది ఆ రెండే.

చప్పట్లు పడిన రోజు

మా డైరెక్టరు సుదర్శనం గారు. చెడ్డవాడు కాదు. జ్వరంతో ఉన్నా జీపెక్కి ఊళ్లకు వచ్చేవాడు, మాతోపాటు రాగిసంగటి తినేవాడు. కానీ ఆయనకు ఒక నమ్మకం ఉండేది. "కనపడని పని చేసినా ఒకటే, చేయకపోయినా ఒకటే సుశీలా" అనేవాడు. అందుకని మా పనులన్నీ కనపడేలా ఉండేవి.

ఆ ఏడు పర్యావరణ దినోత్సవానికి పెనుకొండ దగ్గరి ఒక ఊరి వెనక ఉన్న బోడికొండ మీద వెయ్యి మొక్కలు నాటాలని నిర్ణయించాం. ఏర్పాట్లన్నీ నావే. హిందూపురం నుంచి రెండు బస్సుల్లో కాలేజీ పిల్లలు, షామియానా, మజ్జిగ ప్యాకెట్లు, అందరికీ ఆకుపచ్చ టోపీలు. రెండు రోజుల ముందే గుంతలు తీయించాను. జానెడు లోతు పోగానే రాయి తగిలింది. జానెడే చాలనుకున్నాం.

పొద్దున్నే నేను బ్యానరు కట్టిస్తుంటే ఒక పెద్దాయన గొర్రెల మందతో వచ్చి ఆగాడు. భుజాన కంబళి, చేతిలో కట్టె. పేరు బీరప్ప అని తర్వాత తెలిసింది. ఆ కొండ మీద ఆయన తాత కాలం నుంచీ గొర్రెలు మేపుకుంటున్నారు.

"ఏమ్మా, ఈడ ఏం జేస్తాండారు?" అన్నాడు.

"మొక్కలు నాటుతున్నాం పెద్దాయనా. మీ ఊరికే మంచిది."

"రోహిణి కార్తెలోనా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మనకి వాన పడేది ఉత్తర కార్తెలో గదమ్మా. అందాకా నీళ్లెవురు పోస్తారు?"

"ట్యాంకరు వస్తుంది."

"ఈ రాళ్లమీద యాడిదాకా వస్తాది ట్యాంకరు?"

నేను నవ్వి ఆయనకో టోపీ ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి చూసి, "నాకి తలగుడ్డ ఉండాది లేమ్మా" అని తిరిగిచ్చేసి, మందను తోలుకుని పక్క కాలువ వెంట వెళ్లిపోయాడు.

ముఖ్య అతిథి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. పిల్లలు ఎండకు సోలిపోయారు. ఇరవై నిమిషాల్లో నాటేయండి అన్నాం, నాటేశారు. ఫోటోలు తీయించుకున్నాం. నేను మైకు పట్టుకుని, అయిదేళ్ల తర్వాత మీరు మీ పిల్లల్ని తీసుకొస్తే ఈ చెట్ల నీడలో కూర్చుంటారు అన్నాను. చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ వేళ నాకు కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. నేను అన్న మాట నేను నమ్మాను.

మూడు వాక్యాలు

ట్యాంకరు మూడుసార్లు వచ్చి, కొండ కిందే నిలబడి వెళ్లిపోయింది. రెండు నెలల్లో మొక్కలు చాలావరకు ఎండిపోయాయి. నిధులిచ్చినవాళ్లు రిపోర్టు అడిగారు. నేను కొండెక్కి చూడకుండానే, ఆఫీసులో ఫ్యాను కింద కూర్చుని మూడు వాక్యాలు రాశాను. స్థానికుల గొర్రెలు మేయడం వల్ల మొక్కలు దెబ్బతిన్నాయి. కాపలా అవసరం ఉంది. ఊరివారికి అవగాహన పెంచవలసి ఉంది.

ఎందుకు రాశానంటే, అంతకుముందు చూసిన రిపోర్టులన్నిట్లో అలాగే ఉండేది కాబట్టి. గొర్రె వచ్చి నేను తినలేదని చెప్పదు కాబట్టి. సుదర్శనం గారికి ఆ రిపోర్టు నచ్చింది. సమస్యా ఉంది, పరిష్కారమూ ఉంది అన్నారు.

ఆ ఊళ్లో మేమే ఏర్పాటు చేసిన కొండ కమిటీ ఒకటి ఉండేది. అందులో గొర్రెలున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆ సంగతి మాకు అప్పుడు లోపంగా తోచలేదు. కమిటీ కూర్చుని, ఒక ఏడాదిపాటు కొండ మీదికి గొర్రెలు పోకూడదని తీర్మానం చేసింది. చుట్టూ ముళ్లకంప వేయించి ఒక కాపలామనిషిని పెట్టాం.

ఆ మీటింగులో బీరప్ప వెనక నిలబడి చెయ్యెత్తాడు. "సారూ, మీరు నాటింది గానుగ. గానుగాకు మా గొర్రెలు తినవు. మొగం పట్టి పెట్టినా తినవు."

"గొర్రె తిననిది ఏముంది పెద్దాయనా?" అన్నారు సుదర్శనం గారు. అందరూ నవ్వారు. మినిట్స్ రాస్తున్న నేనూ నవ్వాను. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తుంది. బీరప్ప కట్టె తీసుకుని వెళ్లిపోయాడు.

నల్ల సంచి

చలికాలంలో ఒక క్యాలెండరు కోసం బతికిన మొక్కల ఫోటోలు కావాలన్నారు. నాటిన తర్వాత నేను ఆ కొండెక్కడం అదే మొదటిసారి.

బతికినవి వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఎండిపోయిన ఒక గానుగ పుల్లను ఊరికే పట్టుకుని లాగాను. చేతిలోకి వచ్చేసింది, నర్సరీ నల్ల సంచితో సహా. పిల్లలు సంచి చించకుండానే నాటేశారు. లోపల వేళ్లు బయటికి దారి దొరక్క సంచిలోనే చుట్టలు చుట్టుకుపోయి ఉన్నాయి. ఇంకొకటి లాగాను. అదీ అంతే. ముప్పైదాకా లాగి చూశాను. సంచి తీసి నాటినవి నాలుగైదు ఉంటాయేమో, అవి రాయి తగిలి ఎండిపోయాయి. దేనికీ కొస కొరికిన గుర్తు లేదు. ఎండిన ఆకులు ఇంకా పుల్లలకే వేలాడుతున్నాయి. గొర్రె నోరు పెట్టిన మొక్క అలా ఉండదు, ఆ మాత్రం నాకూ తెలుసు.

 సంచి తీయమని పిల్లలకు చెప్పాల్సింది నేనే. మైకు నా చేతిలోనే ఉంది. అయిదేళ్ల తర్వాతి నీడ గురించి చెప్పాను గానీ ఆ ఒక్క ముక్క చెప్పలేదు.

దిగి వస్తుంటే ఊరి మొదట్లో బీరప్ప ఇల్లు. ఆయన భార్య మారెక్క దొడ్డి ఊడుస్తూ ఉంది. దొడ్డి ఖాళీగా ఉంది.

"గొర్రెలేవమ్మా?" అన్నాను.

"సగం సంతలో అమ్మేస్తిమి. మేపు లేకపాయె, ఏం జేస్తాం? మిగిలినవి తోలుకోని మా ఆయప్ప కర్ణాటక పక్క పాయె. ఈ వయసులో దేశాలమీద తిరుగుతాండాడు." ఆమె గొంతులో కోపం కూడా లేదు. "నిలబడినావే, కూచో. నీళ్లు తాగుతావా?"

చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. ఆ రిపోర్టు రాసింది నేనేనని ఆమెకు తెలియదు. చెంబు తిరిగిచ్చి బస్సెక్కి పెనుకొండ వచ్చేశాను.

డెయిరీ ముందు

మర్నాడు సుదర్శనం గారికి చెప్పాను. ఆయన అరవలేదు. తలుపు దగ్గరికి వేసి, కూర్చోమని, "సంచులు తీయనిది కాలేజీ పిల్లలు, నువ్వు కాదు గదా" అన్నారు.

"గొర్రెలు తిన్నాయని రాసింది నేను సార్."

"ఇప్పుడు చెప్తే ఏమవుతుందో తెలుసా? వచ్చే ఏడు ఈ కార్యక్రమమే ఉండదు. నీలాంటివాళ్లు ఇంకో నలుగురు దీనిమీద బతుకుతున్నారు. బాగా ఆలోచించుకో."

ఆయన అన్నదీ నిజమే. నేను ధైర్యవంతురాలిని కాదు. మా అమ్మాయి అప్పుడు హిందూపురంలో ఇంటర్ చదువుతోంది. ఇంట్లో నెలనెలా వచ్చే జీతం నాదొక్కటే. చాలా రోజులు ఏమీ చేయలేదు. కానీ ఏ ఊళ్లో మీటింగు పెట్టినా వెనక వరసలో ఎవరైనా ముసలాయన చెయ్యెత్తితే చూడనట్టు కాగితాలు సర్దుకునేదాన్ని. అలా ఎన్నాళ్లు చేయగలను?

బీరప్ప తిరిగొచ్చాడని తెలిసిన వారం, కమిటీవాళ్లను పొద్దున ఏడింటికి పాల డెయిరీ ముందుకు రమ్మన్నాను. ఆ వేళ ఊరంతా పాలు పోయడానికి అక్కడికే వస్తుంది. కొండమీద పీకిన మొక్కల్ని ఒక గోనెసంచిలో మోసుకొచ్చి అందరి ముందూ నేలమీద కుమ్మరించాను.

"ఈ మొక్కలు గొర్రెలు తినలేదు. మేమే సరిగ్గా నాటలేదు. చూడకుండా గొర్రెల మీద రాసింది నేను. బీరప్పగారు చెప్పిందే నిజం" అన్నాను. 

పాలు కొలిచే మనిషి చేతిలో డబ్బా పట్టుకుని అలాగే ఉండిపోయాడు.  మారెక్క ముందుకొచ్చింది.

"మా జీవాలు అమ్ముకున్నంక చెప్తాండావా తల్లీ?"

 

బీరప్ప వంగి ఒక మొక్కను తీసుకున్నాడు. నల్ల సంచిని బొటనవేలితో చించి లోపల చుట్టుకున్న వేళ్లను చూశాడు. "సంచి గూడా తీయల్యా?" అన్నాడు. అంతే. నావైపు చూడకుండా పాలచెంబు తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజే కమిటీ తీర్మానాన్ని రద్దు చేసింది. సాయంత్రానికి ముళ్లకంప తీసేశారు. నేను సరిదిద్దిన రిపోర్టు పంపాను. సుదర్శనం గారు చెప్పినట్లే ఆ కార్యక్రమం ఆగిపోయింది, నెల తిరిగేసరికి నన్ను ధర్మవరానికి మార్చారు. అక్కడ నా అవసరం ఉందని కాగితంలో రాశారు.

కొత్తవాళ్లు నన్ను అడుగుతుంటారు, నిజం చెప్తే మంచి జరిగిందా మేడమ్ అని. వెంటనే ఏ మంచీ జరగలేదు. గొర్రెలు తిరిగి రాలేదు, కార్యక్రమం పోయింది, నాకు రోజూ మూడు గంటల బస్సు ప్రయాణం మిగిలింది. అయినా ఆ డెయిరీ ముందు నిలబడకపోయి ఉంటే ఆ తర్వాతి పనేదీ నేను చేయగలిగేదాన్ని కాదు.

రేకుల కింద

ధర్మవరంలో నాకిచ్చిన పని చేనేతవాళ్లలో వాతావరణ మార్పుపై అవగాహన పెంచడం. ప్లకార్డులతో ర్యాలీ తీయమన్నారు. నాకు బ్యానరు చూస్తేనే భయం పట్టుకుంది. ర్యాలీ సంగతి రేపు మాపు అంటూ వాయిదా వేస్తూ, ఊరికే ఒక మగ్గాల వీధిలో తిరగడం మొదలుపెట్టాను.

ఆ వీధిలో అలివేలమ్మ ఇల్లు. నలభై ఏళ్లుంటాయి. రెండు గదులు, ఒక గదంతా కాళ్లు గుంటలో పెట్టుకుని నేసే గుంటమగ్గమే. పైన రేకులు. ఆమె, భర్త మార్చి మార్చి నేస్తారు. మొదటి రోజు నేను గడప దగ్గర కూర్చుంటే అనుమానంగా చూసింది.

"ఏం రాసుకుంటాండావు?"

"ఏమీ రాయడం లేదు."

"అయితే ఊరికే కూచోకుండా ఈ పట్టునూలు పట్టుకో."

పట్టుకున్నాను. ఆ తర్వాత వారానికి రెండుసార్లు పోయేదాన్ని. ఏ ప్రశ్నా అడగలేదు. ఎండలు ముదిరాక ఆమే చెప్పింది. మధ్యాహ్నం రేకుల కింద కూర్చోలేరు. చెమట చుక్క పట్టుమీద పడితే మరక పోదు. వేడికి పోగులు ఎండి పుటుక్కుమని తెగుతాయి. అందుకని తెల్లవారగానే మగ్గమెక్కి పదకొండుకల్లా దిగేస్తారు. చీర దిగడానికి పట్టే రోజులు పెరుగుతున్నాయి. అంతకుముందు వేసవిలో ఆమె భర్త నేస్తూ నేస్తూ గుంటలోనే సొమ్మసిల్లి పడిపోయాడు.

నేను మా కరపత్రం ఒకటి చూపించాను. భూమి వేడెక్కుతోంది అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆమె నవ్వింది. "ఇది మాకి నువ్వు చెప్పల్లనా అక్కా? నెత్తిమీద రేకులు దినామూ చెప్తాండాయి. ఏం జేయల్లనో చెప్పు."

నాకు తెలియదన్నాను. ఆ ఉద్యోగంలో ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి.

ఏప్రిల్లో సుదర్శనం గారు తనిఖీకి వస్తున్నానని ఫోన్ చేశారు. కల్యాణమండపంలో మీటింగు పెట్టమన్నారు. అలివేలమ్మతో అంటే, "మండపం ఏంటికి? మా ఇంట్లోనే పెట్టు. రెండు గంటలకి రమ్మను" అంది.

వచ్చారు. మగ్గం పక్కన చాప మీద కూర్చున్నారు. ఫ్యాను వేడిగాలిని అటూ ఇటూ తిప్పుతోంది. పావుగంటకు ఆయన చొక్కా వీపుకు అతుక్కుపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, పెట్టుకున్నారు, మళ్లీ తీశారు. లేవబోతుంటే అలివేలమ్మ మగ్గం మీదినుంచే అంది.

"ఇంగ పదినిమిషాలు కూచోండి సార్. నేను నేసేది చూసి పోదురు."

ఆ పదినిమిషాల్లో పోగు రెండుసార్లు తెగింది. తెగినప్పుడల్లా ఆమె ఆగి, చీర కొంగుతో చేతులు తుడుచుకుని, ముడి వేసుకుని మళ్లీ మొదలుపెట్టింది. సుదర్శనం గారు ఆమె చేతులవైపే చూస్తూ ఉండిపోయారు. "ఏం చేస్తే బాగుంటుందమ్మా?" అన్నారు చివరికి. ఇన్నేళ్లలో ఆయన ఎవరినైనా ఆ ప్రశ్న అడగడం నేను వినలేదు. నేను మాత్రం ఎప్పుడు అడిగాను గనక?

"మా నాయన ఉన్నప్పుడు మాది మట్టిమిద్దె సార్. ఎండాకాలం ముందు పైన సున్నం కొడతాండె. లోపల సల్లగా ఉంటాండె. రేకులొచ్చినంక ఎవురూ కొట్టల్యా."

అలా మొదలైంది. మొదట ఆమె ఇంటికే కొట్టాం. సున్నంలో జిగురు కలిపి రేకులమీద పూయించాను. నాలుగు రోజులు బాగానే ఉంది. అయిదో రోజు వేసవివాన దంచికొట్టింది. మేకుల బొక్కల్లోంచి సున్నపునీళ్లు కారి, సగం నేసిన చీర మీద పడ్డాయి. ఆ బొక్కల సంగతి నేను చూసుకోలేదు.

కబురు తెలియగానే వెళ్లాను. ఆ చీర ముందు కూర్చుని అలివేలమ్మ ఏడుస్తోంది. నన్ను చూసి తిట్టింది. వీధంతా వినేలా తిట్టింది. ఈసారి ఏ సాకూ వెతుక్కోలేదు. తప్పు నాదేనమ్మా అన్నాను. చీర నష్టం సంస్థ భరించాలని ఆ రోజే సుదర్శనం గారికి ఫోన్ చేశాను. ఆయన వెంటనే సరేనన్నారు.

రెండు రోజులకు అలివేలమ్మే మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. "నీకి తెలీదు, నాకి తెలుసు. ఇంగ నేను చెప్పినట్ల చేయల్ల. ముందు బొక్కలు పూడ్సల్ల. రెండు వానలు చూసి, కారల్యా అంటే అప్పుడు సున్నం. అదీ శివరాత్రికి ముందే అయిపోవల్ల."

మరుసటి ఏడు ఆమె చెప్పినట్లే జరిగింది. ఏడు ఇళ్లకు ఆమే దగ్గరుండి చేయించింది. ఏ ఇంటి రేకులకు ఎక్కడెక్కడ బొక్కలున్నాయో నిచ్చెనెక్కి చూసి బొగ్గుతో గుర్తులు పెట్టింది. ఆ వేసవిలో పదకొండు దాటాక కూడా ఇంకో గంటకు పైగా మగ్గం ఆడించగలిగారు. గంటేనా అనుకోవచ్చు. ఆ గంట విలువ మగ్గం మీద కూర్చునేవాళ్లకు తెలుసు. ఆమె భర్త ఆ ఏడు పడిపోలేదు.

ఆ వీధి చూసి తిరిగి పోతూ జీపులో సుదర్శనం గారు, "పెనుకొండ విషయంలో నేను నిన్ను..." అని ఆగిపోయారు.   వారం తర్వాత, ఆ కొండ ఊరికి మళ్లీ పోతావా అని కబురు పంపారు. పోయే మొహం లేదన్నాను.

దొడ్డి దగ్గర మీటింగు

నేను పోలేదు, బీరప్పే వచ్చాడు. ఒక రోజు ధర్మవరం ఆఫీసు తలుపు తోసుకుని లోపలికొచ్చి కుర్చీలో కాకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నిన్ను వెతుక్కుంటా వస్తి. ఒక మాట చెప్పల్ల" అన్నాడు. "మీరు మమ్మల్ని కొండెక్కనీలే గదా, ఆ ఒక్క ఏడు. మీ మొక్కలు సచ్చిపాయె. గానీ ఉత్తరం పక్క గడ్డి లేసింది. మోకాటిదాకా లేసింది. నేను సూసినా."

తలగుడ్డ విప్పి మోకాలిమీద పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు.

"కొండకి విడుపు గావల్ల. అది నిజమే. గానీ ఏ పక్క, ఎన్నాళ్లు, యాడ మేపల్ల, యాడ వదలల్ల అనేది మేం చెప్పల్ల. టోపీలు పెట్టుకున్నోళ్లు గాదు. మా గొర్లోళ్లనంతా కూడేస్తా. నువ్వు వస్తావా?"

"వస్తాను. నేనేం చేయాలి?"

"ఏం జేయొద్దు. వచ్చి కూచో. మా మాట పెద్దసార్లకి పోవల్ల, దానికి నువ్వు గావల్ల."

ఆ మీటింగు బీరప్ప దొడ్డి దగ్గర పొద్దున జరిగింది. కుర్చీల్లేవు, మైకు లేదు. పద్నాలుగు కుటుంబాలవాళ్లు వచ్చారు. కట్టెతో నేలమీద కొండ గీశారు. గీసినదాని మీద గొడవపడ్డారు, చెరిపేసి మళ్లీ గీశారు. ఒక పక్కను రెండేళ్లు వదిలేయాలని, తర్వాత ఇంకో పక్కకు మారాలని తేల్చారు. మాట తప్పినవాళ్లను ఏం చేయాలన్నదీ వాళ్లే తేల్చుకున్నారు. కాపలా ఎవరు అని నేను అడగబోయాను. మారెక్క నావైపు చూసి, "మా కండ్లు లేవా?" అంది. 

కొత్త కమిటీలో సగం మంది గొర్రెలవాళ్లు ఉండాలన్న తీర్మానం రాయడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన పని.

ఆ కొండ ఇప్పుడు అడవి కాలేదు. అయిందని ఎవరైనా చెప్తే నమ్మకండి. కానీ ఉత్తరం పక్క గడ్డి ఉంది. గొర్రెల పెంటికల్లోంచి పడిన గింజలతో తుమ్మ, రేగు తమంతట తామే మొలిచాయి. సీతాఫలం పొదలు గుబురుకట్టాయి. బీరప్ప మంద మళ్లీ పెరిగింది, వలసపోవడం మానేశాడు. మారెక్క నాతో బాగానే మాట్లాడుతుంది. పోయినప్పుడల్లా భోజనం పెడుతుంది. కానీ అమ్మేసిన జీవాల్లో మొగం మీద చుక్క ఉన్న ఒక గొర్రె గురించి ఇప్పటికీ మధ్యలో చెప్తుంది. నేను వింటాను.

కొత్తగా చేరేవాళ్లకు

ర్యాలీలు దండగ అని నేను అనను. ఒక్కో పిల్లకు ఆ ర్యాలీలోనే మొదటిసారి నినాదం ఇచ్చే ధైర్యం వస్తుంది. వ్యాసరచన పోటీలో రాసిన పిల్ల పెద్దయ్యాక పంచాయతీ వార్డు మెంబరై ఊరి చెత్త సంగతి పట్టించుకోవడం చూశాను. అయితే కార్యక్రమం రోజును పని అనుకోకండి. దానికి ముందు మూడుసార్లు పోవాలి, తర్వాత మూడుసార్లు పోవాలి. ముందు పోతే రోహిణి కార్తెలో నాటొద్దని ఎవరో ఒకరు చెప్తారు. తర్వాత పోతే మీరు చేసిన తప్పు కనపడుతుంది. రెండూ మనకు ఇబ్బందే, అందుకే ఎవరూ పోరు.

పర్యావరణం మీటింగుకు ప్లాస్టిక్ బ్యానరు కట్టకండి. జనం పైకి అనరు గానీ చూస్తారు. ముఖ్య అతిథి కోసం ఎవరినీ ఎండలో నిలబెట్టకండి. పై ఆఫీసరు తప్పు మాట్లాడితే ఎదురు చెప్పలేకపోవచ్చు, కనీసం నవ్వకండి.

నాయకత్వ శిక్షణ అని హిందూపురంలో ఏటా పెట్టేవాళ్లం. ఒకసారి బీరప్పను పిలిచాం. స్టేజీ ఎక్కనన్నాడు, పిల్లల మధ్యే కూర్చున్నాడు. వాతావరణ మార్పు అంటే ఏంటి తాతా అని ఒక అమ్మాయి అడిగింది. ఆయన, "ముందు వాన ఎప్పుడొస్తాదో జీవాలకి తెలుస్తాండె పాపా. ఇప్పుడు వాటికీ తెలీడంల్యా" అన్నాడు. ఆ హాల్లో అంతవరకూ చూపించిన స్లైడ్లన్నీ కలిపినా అంత బాగా ఎవరికీ ఎక్కలేదు.

రిటైరైన తర్వాత, ఈ ఫిబ్రవరిలో ఒక పెళ్లికని ధర్మవరం వెళ్లాను. ఆటో ఫ్లైఓవరు ఎక్కేసరికి కింద ఇళ్ల కప్పులు కనిపించాయి. అలివేలమ్మ వీధి ఎక్కడుందో నాకు తెలుసు. తెల్లటి కప్పులు ఆ వీధి దాటి, కాలువ దాటి, మేమెప్పుడూ పని చేయని పేటలోకి కూడా పోయాయి. ఆటో ఆపించి దిగి అటు నడిచాను.

ఒక ఇంటి మీద ముప్పై ఏళ్లమ్మాయి, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బకెట్టులో సున్నం కలుపుతోంది. ఆమె నాకు తెలియదు. నేను ఆమెకు తెలియను.

"ఎవరు చెప్పారమ్మా ఇట్లా కొట్టమని?" అని కిందినుంచి అడిగాను.

"ఎవురు చెప్పేదేముండాది? ఎండలకి ముందు కప్పుకి సున్నం కొట్టేది మా పక్క అలవాటే" అంది. బ్రష్షు పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది. "మీది యా ఊరు?"

"పెనుకొండ."

"ఆడ కొట్టరా? మీరూ కొట్టిచ్చుకోండి, సల్లగా ఉంటాది. ముందు బొక్కలు పూడ్సుకోవల్ల, మర్చిపోవద్దండి."

సరేనమ్మా అన్నాను. అవి ఎలా పూడ్చాలో, జిగురు ఎంత కలపాలో, ఎన్ని రోజులు ఆరనివ్వాలో పైనుంచే చెప్పుకుంటూ పోయింది. నేను ఎండలో నిలబడి, తెలియనిదానిలా, మొత్తం విన్నాను.